చుక్కకూర చుట్టరికం

ద్రాక్షారామంలో ద్రాక్ష పండదు. ఈ మాట చెబితే, ఆ ఊరి పేరు కొత్తగా విన్నవాళ్ళు ఆశ్చర్యపోతారు. పాత శాసనాల్లో ఆ ఊరు దాక్షారామం. దక్షుడు యజ్ఞం చేసిన చోటని స్థలపురాణం. దక్షుడి పేరు జనం నోట్లో నలిగి నలిగి చివరికి ద్రాక్ష అయి కూర్చుంది. ఊరి పేరులో తీపి చేరింది కానీ నేలలో చేరలేదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ద్రాక్షతీగ తేమని ఓర్చుకోలేదు, ఆకుకి బూజు పట్టేస్తుంది. అందుకే దేవుడు మనకి వరీ, కొబ్బరీ, అరటీ, తాడీ ఇచ్చి, ద్రాక్షని దక్కను పీఠభూమికి వదిలేశాడు.

మరి ద్రాక్ష పండని సీమలో పుట్టి ద్రాక్షతో చేసిన వైను గురించి రాయడమేమిటని మీరడగవచ్చు. అదీ ఎర్రది కాదు, తెల్లది. తియ్యనిది కాదు, ఇంగ్లీషులో "డ్రై" అంటారు. ఈ మాట విని మా అత్తగారు, "పొడిగా ఉంటే తాగడమెలాగమ్మా, నవలాలా?" అన్నారు. ఆవిడ సందేహం న్యాయమైనదే. ఇక్కడ డ్రై అంటే తీపి మిగలనిదని అర్థం. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరని కంటికి కనపడని మధుశిలీంధ్రం తినేసి మద్యంగా మారుస్తుంది. చక్కెరంతా తినేస్తే డ్రై, కొంత మిగిలిస్తే తీపి, అంతే తేడా. పండు పిండగానే తొక్కలు తీసేసి, ఒట్టి రసాన్ని పులియబెడితే తెల్ల వైను. తొక్కలతో సహా పులిస్తే ఎరుపు. మనం దీన్ని ద్రాక్షసారా అని తేలిగ్గా అనేస్తాం కానీ ఆ పేరు సరికాదు. సారా అంటే కాచి, ఆవిరి పట్టి దింపింది. ఇది కాచింది కాదు, పులిసింది. మన దోసెల పిండికి దగ్గర చుట్టమే తప్ప బట్టీ సారాకి కాదు.

ఇంకో చుట్టరికం కూడా చెప్పనా? బాలింతకి పట్టించే దశమూలారిష్టం ఉందే, అదీ ఈ వంశానిదే. కషాయంలో బెల్లం వేసి, ధాతకీ పువ్వులు వేసి, కుండ మూతికి గుడ్డ కట్టి నెలరోజులు కదలకుండా ఉంచుతారు. పులిసి తనంతట తాను మద్యం పుట్టించుకుంటుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి అచ్చేసే ఉంటుంది. ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం పేర్లలోనే గుట్టంతా ఉంది. మడి కట్టుకున్న బామ్మలు కూడా రెండు చెమ్చాల అరిష్టం పుచ్చుకుని, సమానంగా నీళ్ళు కలుపుకుని, కళ్ళు మూసుకుని మింగినవాళ్ళే. వాళ్ళని తాగుబోతులనే ధైర్యం ఎవరికుంది?

మన పెద్దలకి ఈ విద్య తెలీదనుకోకండి. అమరకోశంలో మద్యానికున్న పేర్లు చూస్తే నవ్వొస్తుంది. కాదంబరి, మదిర, ప్రసన్న, గంధోత్తమ. నాతో చదువుకున్న ప్రసన్నకి తన పేరుకి ఈ అర్థం కూడా ఉందని చెప్తే వారం రోజులు మాట్లాడలేదు. ప్రసన్న అంటే మడ్డి అడుక్కి దిగి, పైన తేరిన తేట. గంధోత్తమ అంటే మంచి వాసన కలది. తేటదనం, వాసన. ఈవేళ ఫ్రెంచివాళ్ళు గ్లాసు ఎత్తి మొదట చూసే రెండు గుణాలూ అవే! కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ద్రాక్షరసంతో చేసినదాన్ని మధువు అన్నాడు. అది పుట్టిన చోట్లని బట్టి కాపిశాయనం, హారహూరకం అని రెండు పేర్లు చెప్పాడు. కాపిశి ఇప్పటి అఫ్ఘనిస్తానంలో ఉంది. ఊరి పేరుతో మద్యాన్ని పిలవడం మనకీ పాత అలవాటేనన్నమాట.

ఇక తెలుగునేల సంగతి. 1666, 67 ప్రాంతాల్లో తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు గోల్కొండ రాజ్యం తిరిగాడు. అక్కడ ద్రాక్షతోటలున్నాయనీ, జనవరిలోనే కాయ పండుతుందనీ, దానితో తెల్ల వైను చేస్తారనీ రాసుకున్నాడు. చూశారా, తెల్లది! అంతేకాదు, పంట కోశాక తీగలు కత్తిరిస్తే మళ్ళీ వేసవి నడుమ కాసే కాయ పుల్లగానే ఉండిపోతుందనీ, దాని పులుపు రసం పిండుకుంటారనీ కూడా రాశాడు. ఫ్రాన్సులో ఆ పచ్చికాయ రసాన్ని వంటల్లో పులుపుకి వాడతారు. మనం పచ్చి చింతకాయ దంచి పులుసు తీసినట్టే. అప్పట్లో మన గోదావరి సీమ కూడా గోల్కొండ నవాబుల ఏలుబడిలోనే ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకునేవరకూ ఇక్కడి శిస్తు అక్కడికే వెళ్ళేది. మనం బియ్యమూ బట్టా పంపితే వాళ్ళు తెల్ల వైను తాగారని కథ కట్టను కానీ, ఆ రెండూ ఒక్క రాజ్యంలోనే ఉన్నాయని మాత్రం చెప్పగలను.

అదే కాలంలో తిరిగిన తావెర్నియె అనే వజ్రాల వర్తకుడు ఇంకో ముక్క రాశాడు. గోల్కొండలో కల్లు విపరీతంగా అమ్ముడుపోయేదనీ, దాని మీద వేసే పన్ను వల్ల రాజుకి మంచి రాబడి ఉండేదనీ. నాకు ఆ వాక్యం చదివాక నిద్రపట్టలేదు. మూడు వందల యాభై ఏళ్ళనాటి మాట. రాజులు పోయారు, కంపెనీ దొరలు వచ్చారు, 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది, స్వతంత్రం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. ఆ ఒక్క వాక్యం మాత్రం మారలేదు.

మన డెల్టాకి సొంతమైన తాజా తెల్ల పానీయం ఏదంటే తాటికల్లే. గీతకార్మికుడు తెల్లవారుజామునే మోకు తగిలించుకుని చెట్టెక్కుతాడు. గెల చివర సన్నగా చెక్కు తీసి లొట్టి కడతాడు. లొట్టికి లోపల సున్నం పూస్తే రసం పులవదు, అది నీరా. సున్నం లేకపోతే చెట్టు మీదుండగానే పులవడం మొదలు. పొద్దున్న తియ్యగా, ఎండెక్కాక తీపీ పులుపూ కలిసి, సాయంత్రానికి ఘాటుగా, మర్నాటికి వెనిగరు. ద్రాక్షరసం వారాల తరబడి చేసే ప్రయాణాన్ని తాటిరసం ఒక్క పూటలో చేసేస్తుంది. దాచుకోడానికి వీల్లేదు, ఓడెక్కించడానికి వీల్లేదు, పాతపడ్డకొద్దీ రేటు పెంచడానికి అసలే వీల్లేదు. అందుకే ద్రాక్షది ప్రపంచ చరిత్ర అయింది, తాటిది చేలగట్టు చరిత్రగానే మిగిలిపోయింది. కల్లుతో పాటు కూలివాళ్ళు తినే ఎండురొయ్యలూ, ఉప్పుచేప ముక్కా, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయా ఏ పెద్ద హోటలు వంటవాడు జత చేశాడు? పుల్లని పానీయానికి ఉప్పనిది జోడీ అని వాళ్ళ నాలుకే చెప్పింది.

వైను సంగతికొస్తే, ఫ్రెంచివాళ్ళు మన ఇంటి గుమ్మంలోకే వచ్చి కూర్చున్నారు. కాకినాడకి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, గౌతమి ఒడ్డున యానాం. 1723లో వాళ్ళక్కడ వర్తకశాల పెట్టారు. గిట్టుబాటు కాక 1727లో వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. ఇక్కడి నూలుబట్ట కోసం. అటు పాలకొల్లులో, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, మాధవాయపాలెంలో, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, మధ్యలో వీళ్ళు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో ఓడిపోయి ఉత్తర సర్కారులు పోగొట్టుకున్నా, ఇంగ్లీషువాళ్ళు ఎన్నోసార్లు యానాం లాక్కున్నా, చివరికి 19వ శతాబ్దం మొదట్లో ఆ చిన్న ముక్క మళ్ళీ ఫ్రెంచివాళ్ళకే దక్కింది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఉన్నన్నాళ్ళూ చుట్టూ తెల్లదొరల ఇంగ్లీషు రాజ్యం, నడిమధ్య 1954 దాకా తెల్లదొరలదే ఫ్రెంచి ఊరు.

అయితే ఆ ఊరు మనకి ఏం నేర్పింది? ఫ్రెంచి రుచి నేర్పిందా? లేదు. చట్టానికి పక్కదారి నేర్పింది. బాల్యవివాహాలని నిషేధించే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లకి పెళ్ళి చేస్తే నేరం. కానీ యానాంలో బ్రిటిషు చట్టం చెల్లదు. ఇంకేముంది, బళ్ళు కట్టుకుని, పడవలెక్కి, పురోహితుల్ని వెంటబెట్టుకుని జనం యానాం దారి పట్టారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చేసింది. మన అమ్మమ్మల తరంలో అక్కడ పందిట్లో నిద్రకళ్ళతో కూర్చున్న పిల్లలెందరో! ఆ తర్వాత ఇటు మద్యనిషేధం వచ్చింది. మద్రాసు రాష్ట్రమంతటా 1948లో అమలైంది. ఆ నిషేధమూ యానాం పొలిమేర దగ్గరే ఆగిపోయేది. కాలవ దాటితే పసిపిల్ల పెళ్ళికూతురు, కాలవ దాటితే సీసా. రెండింటికీ మూల్యం చెల్లించింది ఇంట్లో ఆడదే.

ఒక విచిత్రం చూడండి. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు యానాంని మన దేశానికి అప్పగించారు. చట్టప్రకారం పూర్తయింది 1962 ఆగస్టు 16న. ఆ 1954 నవంబరులోనే కర్నూలులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం మీద ఒకే ఒక్క ఓటుతో కూలిపోయింది. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపించిన మనిషిని కల్లుకుండ పడగొట్టింది. చరిత్రకి హాస్యం ఎక్కువ, జాలి తక్కువ.

ఇప్పుడు నేను రుచి చూసిన ముచ్చట చెబుతాను. పుదుచ్చేరిలో ఒక మామ్మగారి ఇంటికి భోజనానికి వెళ్ళాను. యానాం వాళ్ళ ఆడపడుచు. భర్త ఉద్యోగరీత్యా ఫ్రాన్సులో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి వచ్చారు. తెలుగు మాత్రం ఇంకా "ఆయ్" అంటూ గౌతమి ఒడ్డు తెలుగే. ఆవిడ ఫ్రిజ్ లోంచి ఒక సీసా తీసి, "ఇది మస్కడె అమ్మాయ్. లువార్ నది సముద్రంలో కలిసే చోటుది. అదీ మన అంతర్వేదిలాటి చోటే అనుకో" అన్నారు. గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తున పోసి, "మింగెయ్యకు. ముందు వాసన చూడు, తర్వాత నోట్లో తిప్పు" అన్నారు.

రంగు కొబ్బరినీళ్ళకి ఒక పిసరు పసుపు కలిపినట్టుంది. వాసనలో పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, వాన పడ్డ రాయి. నోట్లో పోసుకోగానే పులుపు. పుల్లమామిడి ముక్క కొరికినట్టు దవడల పక్కన నీళ్ళూరాయి. తీపి లేనేలేదు. మింగాక నాలుక చివర కాస్త ఉప్పదనం. వట్టిదే తాగితే ఇందులో ఏముందనిపించింది. అప్పుడు ఆవిడ పళ్ళెం ముందుకి జరిపారు.

మొదట ఉప్పూ, పసుపూ, కాస్త మిరియాలపొడీ వేసి వేయించిన చందువ ముక్క. ఒక ముక్క, ఒక గుక్క. ఆశ్చర్యం! నూనె జిడ్డంతా కడిగేసినట్టు పోయి, చేప తీపి పైకి తేలింది. మనం వేపుడు మీద నిమ్మకాయ పిండుకుంటాం చూడండి, సరిగ్గా ఆ పని చేసింది. తర్వాత కొబ్బరిపాలు పోసి వండిన రొయ్యలు. అదీ బాగుంది, పాల చిక్కదనాన్ని పులుపు కోసేసింది. మూడోది నా కోసం ప్రత్యేకంగా చేసిన చేపల పులుసు, మన పద్ధతిలో కారం దట్టించింది. గుక్క వేశానో లేదో నోరు భగ్గుమంది, వైను నీళ్ళలా చప్పబడిపోయింది. మామ్మగారు పకపకా నవ్వి, "మద్యం కారాన్ని రెచ్చగొడుతుందమ్మాయ్. వంటలో పులుపు గ్లాసులో పులుపుని మించిపోతే గ్లాసు ఓడిపోతుంది. మన పులుసు దగ్గర ఫ్రెంచివాళ్ళు కూడా ఓడిపోవాల్సిందే" అన్నారు. ఇంతకంటే పెద్ద సూత్రాలేమీ లేవట. జిడ్డుకి పులుపు, ఉప్పుకి పులుపు, కారానికి దూరం, పులుసుకి అంతకు మించిన పులుపు. ఇక చల్లదనం ఎనిమిది, పది డిగ్రీలుండాలి. మాంసం తినని వాళ్ళకి ఈ వైను పక్కన గారెలూ, పకోడీలూ పెట్టవచ్చునని ఆవిడ ఉవాచ.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన సంగతే నన్నీ వ్యాసం రాయించింది. లువార్ నదిలో వసంతకాలంలో సముద్రం నించి ఒక చేప ఎదురీదుకుంటూ వస్తుంది. పేరు అలోజ్. గుడ్లు పెట్టడానికి తీపినీళ్ళు వెతుక్కుంటూ వస్తుంది. ఒళ్ళంతా ముళ్ళు, మాంసమంతా నూనె. వింటుంటే మీకేమనిపిస్తోంది? మన పులస! బంగాళాఖాతంలో ఉన్నంతసేపూ విలస, గోదారికి ఎర్రనీరు రాగానే ఎదురీది ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చేసరికి పులస. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన టెన్యులోసా అనే పేరులోనే అలోసా ఉంది. రెండూ చుట్టాలే. ఇంకా వినండి. ఆ అలోజ్‌ని అక్కడివాళ్ళు ఒక పుల్లని ఆకుతో కలిపి వండుతారు, ఆ పులుపుకి ముళ్ళు మెత్తబడతాయని వాళ్ళ నమ్మకం. ఆ ఆకు ఏమిటో తెలుసా? మన చుక్కకూరకి సొంత అక్క! పక్కన అదే నది ఒడ్డు తెల్ల వైను. మనం చింతపండు పులుసులో బెండకాయ ముక్కలు వేసి, సన్నసెగ మీద మరిగించి, పైన ఆవకాయ ఊట చల్లి, రాత్రంతా ఉంచి మర్నాడు తింటాం. రెండు నదులు, రెండు ఖండాలు, ఎదురీదే చేపలు మాత్రం చుట్టాలు. రెండుచోట్లా ఆడవాళ్ళు కనిపెట్టిన మందు ఒకటే, పులుపు.

తేడా ఒక్కచోట ఉంది. ఆ లువార్ ఒడ్డునే నాంత్ నగరం దగ్గర, సుమారు నూరేళ్ళకి పైగా క్రితం, క్లెమాన్స్ లెఫ్యూవ్ర్ అనే వంటావిడ ఉండేది. వెనిగరూ వెన్నా చిన్న ఉల్లీ కలిపి చేపల మీద పోసే తెల్ల వెన్న పులుసు ఆవిడ చేతి చలవేనని అక్కడ చెప్పుకుంటారు. ఆవిడ పేరు చరిత్రకెక్కింది. మన పులస పులుసులో మొదట బెండకాయ వేసిన మహాతల్లి ఎవరు? మర్నాటికి ఉంచితే రుచి పెరుగుతుందని కనిపెట్టిన ఇల్లాలెవరు? పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత మాత్రం మిగిలింది. చూశారా, అమ్మమన్నది కూడా ఆవిడ పుస్తెలే!

మీలో కొందరు ముక్కు విరుస్తున్నారని నాకు తెలుసు. ఆడదానివై ఉండి మద్యం రుచి గురించి రాస్తావా అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ అనే ఆవిడ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో రాబడి పోతోందని మళ్ళీ ఎత్తేశారు. తావెర్నియె రాసిన వాక్యం మళ్ళీ గెలిచింది. ఆ రెండేళ్ళూ మనవాళ్ళు యానాం దారి మర్చిపోలేదని వేరే చెప్పాలా? మా ఇంట్లో పనిచేసే మనిషి కూలి డబ్బులు మొగుడికి దొరక్కుండా బియ్యం డబ్బాలో దాచడం నేను కళ్ళారా చూశాను. ఆ డబ్బా ముందు నిలబడి మస్కడె వాసన వర్ణించడానికి నాకు నోరు రాదు.

అయినా రాశాను. ఎందుకంటే తాగుడు వేరు, రుచి వేరు. తాగుడుకి పళ్ళెంతో పనిలేదు, పక్కన మనిషితో పనిలేదు. రుచికి రెండూ కావాలి. మన చరిత్రలో పన్నులూ, వేలంపాటలూ, నిషేధాలూ, ఎత్తివేతలూ ఉన్నాయి. అవన్నీ మగవాళ్ళు రాసుకున్న తాగుడు చరిత్ర. ఏ పులుపుకి ఏ జిడ్డు, ఏ ముల్లుకి ఎంత సెగ అన్నది ఆడవాళ్ళ రుచి చరిత్ర. అది ఎవరూ రాయలేదు. సీసా లేకపోయినా ఆ విద్య మనది. వైను మన ఇళ్ళల్లోకి రానక్కర్లేదు, నేను రమ్మననూ లేదు. కానీ గ్లాసు పట్టుకుని ఇదేదో తమ సొంత శాస్త్రమన్నట్టు కళ్ళు మూసుకునే పెద్దమనుషులు కనిపిస్తే, వాళ్ళకి చెప్పడానికి మనదగ్గర ఒక మాట ఉండాలి.

వచ్చే శ్రావణంలో గోదారికి ఎర్రనీరు వస్తుంది. పులస కొనే తాహతు అందరికీ లేదు, రేటు వేలల్లో పలుకుతోంది. పోనీ, ఏ చేప దొరికినా సరే, ఈసారి చింతపండు కాస్త తగ్గించి గుప్పెడు చుక్కకూర వేసి చూడండి. కుదిరితే కాగితం మీద రాసి, కింద మీ పేరు కూడా పెట్టండి. పేరు పెట్టడం మాత్రం మర్చిపోకండి.